ముల్లు మీద వేలు

పోయిన వారం మనం నర్సమ్మను కాటా మేస్త్రి ఇంటి గుమ్మంలో, ఒక చెప్పు విడిచి రెండోది విడవకుండానే, వదిలేసి వచ్చాం. వారం రోజులు ఒంటికాలి మీద నిలబెట్టినందుకు మనసులోనే క్షమాపణ చెప్పుకుని ఆవిణ్ణి లోపలికి పంపుదాం. ఆవిడ అలా ఆగిపోవడానికి కారణం మేస్త్రి కూతురి ఫోను. బస్టాండులో టిక్కెట్ల కౌంటరు దగ్గర పనిచేసే ఆ అమ్మాయి, కిటికీ అవతల జనం తొందరపెడుతుంటే, రెండు ముక్కల్లో తేల్చేసింది. శుక్రవారం పొద్దున అంబులెన్సు వస్తుందట. నాన్నను మళ్లీ పెద్దాసుపత్రిలో చేరుస్తుందట. పది రోజులుగా మీ మందు తాగుతున్నా మంచం పట్టె పట్టుకుని పళ్లు కొరుకుతూనే ఉన్నాడు, ఇక నేను చూడలేను అని ఫోను పెట్టేసింది. ఆ మాటల్లో కోపం కంటే ఏడుపే ఎక్కువ ఉందని నర్సమ్మకు తెలుసు.

ఈ రోజు బుధవారం. అంటే చేతిలో ఉన్నది రెండు రోజులు.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పాలి. మేస్త్రికి కేన్సరు వెన్నెముక దాకా పాకింది. నయం చేసే మందు లేదని ఆసుపత్రివాళ్లే చెప్పి పంపారు. అక్కడున్న పన్నెండు రోజులూ ఆయనకు ముక్కులో గొట్టం, రెండు చేతులకూ సూదులు, లాక్కుంటాడేమోనని మంచానికి కట్టిన మణికట్లు. ఇంటికి వచ్చిన రోజున ఆయన అడిగింది ఒక్కటే: పోయేది ఎలాగూ తప్పదు, ఈ గదిలో, ఈ కిటికీ పక్కనే పోనివ్వండి అని. నర్సమ్మ సరేనని మాటిచ్చింది. ఇంటికే వచ్చి నొప్పి తగ్గించే సేవ ఒకటి ఆ ఊళ్లో ఉంది. ప్రభుత్వాసుపత్రి వెనక రెండు గదులు, ఒక డాక్టరమ్మ, ఇద్దరు నర్సులు, ఒక ముసలి స్కూటరు, అదీ సంస్థ. అందులో పెద్ద నర్సు మన నర్సమ్మ. చాటుగా ఆవిణ్ణి తారాజువ్వ అంటారు. అంటించీ అంటించకముందే లేస్తుందని.

రెండో చెప్పు కూడా విడిచి నర్సమ్మ లోపలికి వెళ్లింది. ముందు గదిలో కిటికీ పక్కనే మంచం. గోడ పొడుగునా చెక్క బీరువాలో మేస్త్రి ఆస్తి అంతా ఉంది: ఇత్తడి తక్కెడలు, పళ్లేలు, గొలుసులు, వరసగా పేర్చిన తూనికరాళ్లు. నలభై ఏళ్లు బజారులోని కాటాలన్నీ ఆయన చేతిలోనే బాగుపడ్డాయి. ముల్లు వెంట్రుకవాసి పక్కకు ఒరిగినా ఒప్పుకునేవాడు కాడు. కొంచెం మా వైపు మొగ్గేలా చూడు మేస్త్రీ అని ఎవరైనా కొట్టు యజమాని గొణిగితే, కాటా వాడి చేతిలో పెట్టి, ఇంకో మేస్త్రిని చూసుకోమని పంపేవాడు. అందుకే ఆయన కడుపు నిండిన రోజులు తక్కువ, తలెత్తుకున్న రోజులు ఎక్కువ.

నర్సమ్మ ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజే వరస కలిపేసుకుంది. ఆయన బాబాయ్, ఆయన భార్య పిన్ని. మనమూ ఆవిణ్ణి పిన్ని అనే పిలుద్దాం.

మంచం పక్క బల్ల మీద నొప్పి పుస్తకం ఉంది. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే ఇక ఓర్చుకోలేనంత అని నర్సమ్మే నేర్పింది. మందు వేసినప్పుడల్లా ఆయన అంకె చెబుతాడు, పిన్ని గుండ్రటి అక్షరాలతో రాస్తుంది. నర్సమ్మ పేజీలు తిప్పింది. మూడు. మూడు. మూడు. పది రోజుల పొడుగునా మూడు తప్ప మరో అంకె లేదు. ఎలా ఉంది బాబాయ్ అని అడిగితే ఇప్పుడూ మూడే అన్నాడు, చిన్నగా నవ్వుతూ. నవ్వింది పెదవులే. దుప్పటి కింద ఆయన కాలివేళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. గడ్డం ఒక వైపే గీసి ఉంది. రెండో వైపు తిరగలేక మధ్యలో ఆపించేశాడన్నమాట. మూడు అంకె నొప్పి ఉన్నవాడు సగం గడ్డంతో ఉండడు.

నర్సమ్మ పుస్తకం మూసి పక్కన పెట్టింది. బీపీ చూసింది, వీపు మీద పుండ్లు పడలేదని చూసి పిన్నిని మెచ్చుకుంది. ఆ తర్వాత ఈ ఉద్యోగంలో రోజూ అడిగే ప్రశ్నే అడిగింది. మరొకరింట్లో అయితే సిగ్గుపడే ప్రశ్న గానీ, నర్సులకు అది వాతావరణం గురించి అడిగినంత మామూలు: విరేచనం సాఫీగా అవుతోందా?

పిన్ని ఈ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు మొదలుపెట్టింది. సాఫీ ఏమిటమ్మా, రోజుకు నాలుగుసార్లు, పడక మార్చలేక చస్తున్నాను, ఆ విరేచనాల మందు మానేయనా అని అడిగింది. నువ్వు చెప్పావని పూటకు రెండు చెంచాలు తప్పకుండా పోస్తున్నాను అని కూడా చెప్పింది.

నర్సమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది.

నర్సమ్మ ఇచ్చిన నొప్పి మందు మార్ఫిన్. అది తాగే మనిషికి నొప్పి తగ్గుతుంది, దాంతోపాటు పేగులూ మందగిస్తాయి. అందుకే దానితోపాటు విరేచనాల మందు తప్పకుండా ఇస్తారు. ఒకటి బిగిస్తే ఇంకోటి వదులు చేస్తుంది, రెండూ కలిస్తే మనిషి మామూలుగా ఉంటాడు. రోజుకు నాలుగుసార్లంటే వదులు చేసేది లోపలికి వెళుతోంది, బిగించేది వెళ్లడం లేదు. ఈ సంగతి తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు, పదేళ్లు పడకలు మార్చిన అనుభవం చాలు. నర్సమ్మ చిన్న టార్చిలైటు తీసి మేస్త్రి కళ్లలోకి వేసింది. ఆ మందు ఒంట్లో ఉంటే కంటిపాప గసగసాల గింజంత ఉండాలి. ఈయనవి శుభ్రంగా విచ్చుకుని ఉన్నాయి.

బల్ల మీద ఉన్న గోధుమరంగు సీసా ఎత్తి వెలుతురుకు పట్టింది. అడుగున తెల్లటి మడ్డి ఉంది. అసలు మందు తేటగా ఉంటుంది, ఎన్నాళ్లున్నా మడ్డి కట్టదు. ఒక చుక్క వేలి మీద వేసుకుని నాలుకకు తాకించింది. చేదుగానే ఉంది. కానీ ఈ చేదు ఆవిడకు చిన్నప్పటి నుంచీ తెలిసిన చేదు, జ్వరం మాత్ర నమిలితే వచ్చేది.

ఈ మందు కొలిచి పోసేది ఎవరు పిన్నీ అని, ఏదో మామూలు మాటలా అడిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పిన్ని చెయ్యి కొంగు వెనక్కి పోయింది. నేనే, నేను తప్ప ఇంకెవరు ముట్టుకుంటారు, మా పాపను కూడా ముట్టుకోనివ్వను అంది, అడగనివాటికి కూడా జవాబు చెబుతూ. నర్సమ్మ లేచి, మంచినీళ్లు కావాలన్నట్టుగా వంటగదిలోకి నడిచింది. పిన్ని వెనకే వచ్చింది.

తారాజువ్వ లేస్తుందనే మీరూ అనుకుంటున్నారు. ఆవిడా అదే అనుకుంది. గుండెల్లో మంట గొంతు దాకా వచ్చింది. పది రోజులు. అవతల గదిలో ఒక మనిషి, వెన్నులో కొరివి పెట్టినంత నొప్పితో పది రోజులు పడుకున్నాడు, మందు చేతికందేంత దూరంలో ఉండి కూడా. ఈ ఊళ్లో ఆ సీసా ఒక ఇంటికి చేరాలంటే ఎన్ని సంతకాలు, ఎన్ని తాళాలు దాటి రావాలో ఆవిడకు తెలుసు. అడగబోయింది. అప్పుడు పొయ్యి గట్టు మీద కనిపించాయి: ఒక చిన్న రోలు, పక్కన కాగితంలో చుట్టిన సగం జ్వరం మాత్రలు, మందు గీతలున్న సిరంజి. సిరంజిని ఎన్నిసార్లు కడిగిందో ఏమో, మీది అంకెలు చెరిగిపోయాయి. మోసం చేసేవాళ్లు ఇంత శ్రద్ధగా చేయరు. నర్సమ్మ మంట మింగేసి, మెల్లగా, అసలు మందు ఎక్కడుంది పిన్నీ అంది.

 పిన్ని గట్టును పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. మొదటి రోజు నర్సమ్మే తన చేత్తో మొదటి మోతాదు పోసి వెళ్లింది కదా, ఆ సాయంత్రం ఆయన పడుకున్నాడట. ఎప్పుడూ అంతలా పడుకోలేదట. పిలిస్తే పలకలేదు, కుదిపితే మూలిగి ఊరుకున్నాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంది, వేలు నమ్మక చేతి అద్దం పెట్టి చూసుకుంది. తెల్లవారేదాకా ఆ అద్దం మీద పట్టే ఆవిరి చూస్తూనే కూర్చుంది. తెల్లారగానే ఆ సీసా తూములో వంపేసి, నీళ్లలో జ్వరం మాత్ర నూరి కలిపి నింపింది. నర్సమ్మ ఇచ్చి వెళ్లిన రెండో సీసాను, మూతకు వేసిన సీలు కూడా తీయకుండా, బట్టల బీరువాలో దుప్పట్ల కింద పెట్టింది.

“మా అక్కకి ఆస్పత్రిలో ఇదే మందిచ్చారు,” అంది పిన్ని. “సాయంత్రం ఇచ్చారు, పొద్దున్నకి లేదు. దీన్ని అందరూ ఆఖరి మందు అంటారు. అది మొదలెడితే ఇక మనిషి మీద ఆశ వదులుకున్నట్టే. డాక్టర్లు ఇస్తే సరే, వాళ్ల చేతులు వాళ్లవి. నా చేత్తో నేను గీత చూసి కొలిచి, ఆయన నోట్లో పొయ్యాలా? యాభై ఏళ్లు ఈ చేత్తోనే అన్నం పెట్టాను.”

నర్సమ్మ కోపం ఎటు పోయిందో ఆవిడకే తెలియలేదు. ఈ మాట ఇదివరకు ఎన్ని ఇళ్లలో వినలేదు? కొందరు మొహం మీదే అన్నారు, కొందరు అనలేక తలుపు వేసుకున్నారు. తప్పు వీళ్లదని ఎలా అనడం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మనిషి రెండు రోజుల్లో పోతాడనగా ఈ మందు తీస్తే, మందు వెనకే చావు వచ్చినట్టు కనిపించక ఏమవుతుంది?

“మీ అక్కగారికి ఎన్నాళ్లు నొప్పి ఉంది పిన్నీ?”

“ఎనిమిది నెలలు.”

“ఎనిమిది నెలలూ ఇవ్వనిది ఆ ఒక్క సాయంత్రం ఇచ్చారు. అది ఆఖరి మందు కాదు, ఆఖర్న తెచ్చిన మందు. ఆవిణ్ణి తీసుకుపోయింది జబ్బు. ఈ మందు ముందే వచ్చి ఉంటే ఆ ఎనిమిది నెలలూ ఆవిడ నిద్రపోయేది, మీతో నాలుగు మాటలు మాట్లాడేది.”

పిన్ని వింటోంది. నర్సమ్మ గొంతు ఇంకా తగ్గించి మిగతాదీ చెప్పింది. ఆ రోజు బాబాయ్ అంతలా పడుకున్నది మందు ఎక్కువై కాదు, నెలల తరబడి కంటికి కునుకు లేని మనిషికి నొప్పి ఒక పూట సెలవిచ్చింది, బాకీ పడ్డ నిద్రంతా ఒక్కసారి తీర్చుకున్నాడు. మొదటి రోజులు అలాగే ఉంటుంది, తర్వాత తేరుకుంటారు. ఆ సంగతి వెళ్లే ముందు చెప్పవలసింది తను. పిన్నికి కొలత నేర్పింది, వేళలు నేర్పింది, పుస్తకం నింపడం నేర్పింది. భయపడతారని తెలిసి కూడా, ఇంకో ఇంటికి ఆలస్యమవుతోందని ఆ ఒక్క మాట చెప్పకుండా స్కూటరెక్కింది. నాది కూడా తప్పే పిన్నీ అని ఒప్పేసుకుంది. తారాజువ్వ నోటి నుంచి ఆ మాట వినడం అరుదు, డాక్టరమ్మ వింటే తేదీ రాసి పెట్టుకునేది.

పిన్ని కళ్లు తుడుచుకుంది. కానీ ఆవిడ దగ్గర ఇంకో పట్టు ఉంది. మరి ఆయన మూడే అంటున్నారు కదా అంది. మాత్ర నీళ్లకే మూడుకు దిగితే ఆ పెద్ద మందు ఎందుకు అంది. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాడని ఊరంతా చెబుతుంది కదా అంది.

అప్పుడే అవతల గదిలోంచి గొంతు సవరించుకున్న చప్పుడైంది. గోడలకు చెవులుంటాయంటారు, ఆ రెండు గదుల మధ్య గోడ కూడా లేదు, ఒక చెక్క పలక మాత్రమే ఉంది. ఇద్దరూ వెళ్లేసరికి మేస్త్రి కళ్లు తెరిచి పైకప్పు చూస్తున్నాడు.

“దాన్నేమీ అనకు అమ్మాయ్. పోసిన మొదటి చుక్కకే నాకు తెలుసు. నువ్విచ్చింది నీళ్లలా దిగింది. ఇది గొంతులో గరగరలాడుతూ దిగింది.”

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. పది రోజులు మొగుణ్ణి మోసం చేశాననుకుని కుమిలిపోయిన పిన్ని, తనే మోసపోయిందని తెలిసి, నిలబడ్డచోటే నిలబడిపోయింది.  తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నారని నర్సమ్మ అడిగింది.

మేస్త్రి ఆగి ఆగి చెప్పాడు. ఒక్కో మాటకు ముందు ఊపిరి బిగపట్టి, నొప్పి దాటాక మాట వదులుతున్నాడు. చెబితే నువ్వు దాన్ని కసురుతావు, పాప ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుంది అన్నాడు. రెండు రోజులు పోతే మీరు మర్చిపోతారు, అది మర్చిపోదు, నేను పోయాక ఆ మాటొక్కటి పట్టుకుని మిగతా బతుకంతా కూర్చుంటుంది అన్నాడు. అదేదో నేను కాస్త ఓర్చుకుంటే పోయేదే కదా అని కూడా అన్నాడు.

“అయిదంటే దీని మొహం మాడిపోయేది. ఒకటంటే నువ్వు నమ్మవు. చూసి చూసి మూడు దగ్గర నిలబెట్టా. నలభై ఏళ్లు ఎవడినీ ముల్లు మీద వేలు పెట్టనివ్వలేదమ్మాయ్. ఈ పది రోజులూ నేనే పెట్టాను.”

పిన్ని అప్పుడు ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు రాకుండా ఏడ్చింది. నర్సమ్మకు కూడా కళ్లు నిండాయి, దాచుకోలేదు. ఈ ఇద్దరూ ఒకరికొకరు చేసిన మేలు ఎంత పెద్దదో, అది ఎంత బాధ పెట్టిందో తలుచుకుంటే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆవిడకు అర్థం కాలేదు. మంచం అంచున కూర్చుని ఆయన చేయి పట్టుకుంది.

“ఇప్పుడు వేలు తీసెయ్యండి బాబాయ్. ఎంత?”

మేస్త్రి భార్య వైపు చూశాడు. పిన్ని కొంగు తీసేసి, చెప్పమన్నట్టు తలూపింది.

“ఎనిమిది,” అన్నాడు. “పక్కకి తిరిగితే తొమ్మిది.”

పిన్ని పుస్తకం తీసుకుంది. నిలబడే, గోడకు ఆనించి, ఎనిమిది అని రాసింది. రాసి, పెన్ను బల్ల మీద పెట్టి, బట్టల బీరువా వైపు నడిచింది. నర్సమ్మ నేను పోస్తానులే అంటే ఒప్పుకోలేదు. “ఆపింది నేనే, పోసేదీ నేనే,” అంది.

నర్సమ్మ మనసులో లెక్కలు వేసుకుంటోంది. ఇప్పుడు పదకొండున్నర. ఇప్పుడొక మోతాదు పడితే ఒంటిగంటకు కాలివేళ్లు విచ్చుకుంటాయి, సాయంత్రానికి నిద్ర పడుతుంది. విరేచనాల మందు ఈ పూటకు ఆపాలి. డాక్టరమ్మకు ఫోను చేసి రేపటి మోతాదు సరిచేయించాలి. రేపు సాయంత్రం డ్యూటీ దిగి కూతురు వచ్చేసరికి నాన్న రెండు వైపులా గీసిన గడ్డంతో పలకరిస్తే, ఆ పిల్లే అంబులెన్సువాళ్లకు వద్దని చెబుతుంది. ఆ పిల్లకు కావలసింది ఆసుపత్రి కాదు, నాన్న పళ్లు కొరక్కుండా ఉండడం. రెండు రోజులు చాలు. సరిగ్గా సరిపోతాయి.

బీరువా తలుపు కీచుమంది. పిన్ని దుప్పట్ల కింద చెయ్యి పెట్టి సీసా తీసింది, తీసిన చెయ్యి తీసినట్టే ఉండిపోయింది. సీసా మూతకు సీలు లేదు. సగానికి పైగా ఖాళీ.

 నర్సమ్మ సీసా అందుకుని చూసింది. లోపల ఉన్నది అసలు మందే, తేటగా, మడ్డి లేకుండా. పిన్ని, నేను దీన్ని ముట్టుకోలేదు, కావాలంటే ఒట్టు అంటూ తన నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. బీరువా తాళంచెవి ఎక్కడుంటుందని నర్సమ్మ అడిగితే గోడకున్న మేకు చూపించింది. అది మంచానికి రెండడుగుల దూరంలో ఉంది, కానీ మంచం మీది మనిషి రెండు వారాలుగా లేచి కూర్చున్నది లేదు. కూతురు? ఆ పిల్లకు ఈ సీసా సంగతే తెలియదు. ఈ మందు చుక్క చుక్కకూ నర్సమ్మ ఆఫీసులో జవాబు చెప్పుకోవాలి. ఒక్క సీసా దారి తప్పిందంటే ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకుంటారు, ఊళ్లో మార్ఫిన్ ఉన్న ఒకే ఒక తలుపు మూతపడుతుంది.

“నేనే ఇప్పించా,” అన్నాడు మేస్త్రి.

చెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. పై వాటాలో అద్దెకుండే బస్సు డ్రైవరుకు గొంతులో కేన్సరట. ఆసుపత్రివాళ్లు ఇక చేసేదేం లేదని పంపేసి నెలన్నర అయిందట. ఇంటికి వచ్చి చూసే నర్సులున్నారని ఎవరూ చెప్పలేదు, ఏ కాగితమూ ఇవ్వలేదు. సరిగ్గా తన మంచానికి పైనే డ్రైవరు మంచం ఉంది. అరవడానికి గొంతు లేదు కాబట్టి ఆయన మంచం కోడును నేలకేసి కొడతాడు. ఆ చప్పుడు మేస్త్రి రోజుల తరబడి విన్నాడు. పిన్ని పొద్దున్నే బజారుకు వెళ్లినప్పుడు డ్రైవరు భార్య కిందికి వచ్చి ఈయన దగ్గర కూర్చుంటుంది. ఒక రోజు ఆవిడ తల గోడకేసి బాదుకుంటుంటే చూడలేక, బీరువా తెరువు, దుప్పట్ల కింద చూడు అన్నాడు. పిన్ని ఎక్కడ దాచిందో తలుపు చప్పుడును, దుప్పట్లు కదిపిన చప్పుడును బట్టి ఆయనకు ముందే తెలుసు.

“నాది ఎనిమిదే కదా,” అన్నాడు. “పైనున్నాయనది పది దాటిపోయిందమ్మాయ్. పనికొచ్చే మందు దుప్పట్ల కింద పడుంటే ఎలా?”

నర్సమ్మ ఈ పది రోజుల్లో వచ్చినప్పుడల్లా ఆ పై వాటా మెట్ల కిందే స్కూటరు ఆపింది. మెట్ల మీద కూర్చుని బియ్యం ఏరుకుంటున్న డ్రైవరు భార్యను చూసి రెండుసార్లు నవ్వింది కూడా. మీ ఇంట్లో ఎలా ఉన్నారని అడగాలని ఒక్కసారీ తోచలేదు. ఇప్పుడు సిగ్గుతో ఆవిడ చెవులు వేడెక్కాయి. కానీ సిగ్గుపడే సమయం కాదు. ఆవిడ ఎప్పటి నుంచి, ఎంత చొప్పున ఇస్తోంది అని అడిగింది. నాలుగు రోజుల నుంచి, నా కొలతే చెప్పాను, నాలుగు గంటలకోసారి రెండు గీతలు, రోజూ పొద్దున్నే ఆ రోజుకు సరిపడా చిన్న సీసాలో వంపుకుని పట్టుకెళ్తుంది అన్నాడు మేస్త్రి.

నర్సమ్మ సీసాను మళ్లీ వెలుతురుకు పట్టింది. ఆ కొలతన నాలుగు రోజులకు పావు సీసా తగ్గాలి. ఇక్కడ పోయింది సగానికి పైనే. గొంతులోంచి సగం బయటికే కారిపోతోందేమోనని రెట్టింపు పోస్తోందా? లేక నొప్పి తగ్గలేదని వేళ కాకుండానే పోస్తోందా? ఇద్దరు మనుషులు, ఒకరు కింద, ఒకరు పైన, ఒకే సీసా. ముందు ఈయనకు పోసి, ఆ వెంటనే పైకి వెళ్లాలి అనుకుంది. పిన్నీ, కానివ్వండి అంది.

పిన్ని సిరంజిలోకి మందు లాగింది. సరిగ్గా గీత దగ్గర ఆపింది. ఒక చేత్తో మేస్త్రి తల కింద దిండు సర్దింది. ఆయన నోరు తెరిచాడు. పది రోజుల తర్వాత మొదటిసారి ఆయన మొహంలో దాచుకోని ఆశ కనిపించింది.

మెట్ల మీద ఎవరో పరుగున దిగుతున్న చప్పుడు. డ్రైవరు భార్య గుమ్మంలోకి వచ్చింది, కాళ్లకు చెప్పుల్లేవు, చేతిలో చిన్న ఖాళీ సీసా ఉంది. నర్సు బట్టల్లో ఉన్న మనిషిని చూసి ఒక్క క్షణం వెనక్కి తగ్గింది, మళ్లీ అంతలోనే గుమ్మం పట్టుకుని, మంచం వైపు చూస్తూ మాట్లాడింది.

“అన్నయ్యా, పొద్దున్న మందు పోశాక పడుకున్నారు. ఎంత లేపినా లేవట్లేదు.”

నర్సమ్మ సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా ఒక్క అంగలో వెళ్లింది. పిన్నీ, ఆపకండి, అది బాబాయ్‌కి పొయ్యండి అని వెనక్కి తిరిగి చెప్పబోయింది.

పిన్ని అప్పటికే సిరంజిలోని మందును తిరిగి సీసాలోకి వంపేసింది. మూత పెట్టి, రెండు చేతులతో గట్టిగా బిగిస్తోంది. మేస్త్రి ఇంకా నోరు తెరుచుకునే ఉన్నాడు.